కెన్యా ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ పాయింట్

కెన్యా ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ పాయింట్ నైరోబీలోని ఇంటర్నెట్ సర్వీసు సంస్థల ఉమ్మడి కూడలి. తమ ఖాతాదారుల మధ్య నడిచే ట్రాఫిక్‌ను దేశం దాటించకుండా ఊళ్లోనే ఇచ్చిపుచ్చుకోవడానికి ఆ సంస్థలు దీన్ని పెట్టుకున్నాయి. పొట్టిగా కేఐఎక్స్‌పీ అంటారు. 1999లో ఏర్పడిన సర్వీసు ప్రొవైడర్ల సంఘం టెస్పాక్ దీన్ని లాభాపేక్ష లేకుండా నడుపుతోంది. 2000 నవంబరు చివర్లో మొదలై, రెండు వారాలు గడిచేసరికే నియంత్రణ సంస్థ ఉత్తర్వుతో మూతపడింది. 2002 ఫిబ్రవరి మధ్యలో ఐదు సంస్థలతో మళ్లీ తెరుచుకుంది. సామగ్రి వరకే చూస్తే ఇందులో అబ్బురపడాల్సిందేమీ లేదు. ఒక గది, ఒక స్విచ్, రౌటర్లు, కాసిని తీగలు. గదిని సిద్ధం చేయడం కంటే, ఒకరి ఖాతాదారులను ఒకరు లాక్కునే పోటీదారులను ఒక్కచోట చేర్చడానికీ, ఆ చేరిక నేరం కాదని చట్టం చేత ఒప్పించడానికీ ఎక్కువ కష్టం పట్టింది.

ఊళ్లో ఉత్తరానికి ఆకాశ మార్గం

1990ల దాకా కెన్యాలో తపాలా, టెలిఫోన్లు రెండూ ఒకే ప్రభుత్వ కార్పొరేషన్ చేతిలో ఉండేవి. 1998 నాటి కమ్యూనికేషన్ల చట్టం ప్రకారం 1999లో దాన్ని విడగొట్టారు. తపాలా ఒకవైపు పోయింది, టెలిఫోన్ల వ్యాపారం టెల్‌కామ్ కెన్యాకు వచ్చింది, వాటిపై పర్యవేక్షణకు కెన్యా కమ్యూనికేషన్ల కమిషన్ పుట్టింది. విదేశాలతో కలిపే ఇంటర్నెట్ దారి మీద టెల్‌కామ్ కెన్యాకు కొన్నేళ్లపాటు గుత్తాధిపత్యం ఉండేలా ఏర్పాటు చేశారు. ఆ దారి పేరు జాంబోనెట్. ప్రైవేటు ప్రొవైడర్లు ఎంతమంది ఉన్నా, విదేశీ బ్యాండ్‌విడ్త్ మాత్రం జాంబోనెట్ దగ్గరే కొనాలి. అప్పటికి తూర్పు ఆఫ్రికా తీరానికి ఫైబర్ కేబుల్ రాలేదు. దేశం దాటే ప్రతి ప్యాకెట్టూ ఉపగ్రహం మీదుగానే పోవాలి.

నైరోబీలో ఎదురెదురుగా ఉన్న రెండు ఆఫీసులు రెండు వేర్వేరు ప్రొవైడర్ల దగ్గర కనెక్షన్ తీసుకున్నాయనుకుందాం. ఆ ఇద్దరు ప్రొవైడర్లకూ మధ్య నేరుగా తీగ లేదు. ఒక ఆఫీసు పంపిన ఈమెయిల్ ఉపగ్రహానికి ఎక్కి, అమెరికాలోనో యూరప్‌లోనో దిగి, అక్కడి పెద్ద నెట్‌వర్కుల్లో తిరిగి, మళ్లీ ఉపగ్రహం ఎక్కి వీధి అవతలికి చేరేది. ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించడమంటే ఇదే. భూస్థిర ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. ఒకసారి ఎక్కి దిగడానికి కాంతి వేగంతో వెళ్లినా సెకనులో దాదాపు పావు వంతు పడుతుంది. వెళ్లేటప్పుడు రెండు ఎక్కిదిగుడులు, జవాబు వచ్చేటప్పుడు ఇంకో రెండు. ఏ రద్దీ లేకపోయినా ఒక సెకను ఖర్చయిపోతుంది. రద్దీ కూడా కలిస్తే రెండు సెకన్ల దాకా పోయేది. పైగా ఈ ప్రయాణానికి పంపినవాడూ డబ్బు కట్టాలి, అందుకున్నవాడూ కట్టాలి, అదీ డాలర్లలో.

ఇది ఆఫ్రికాకే పరిమితమైన విడ్డూరం కాదు. 1990ల మొదట్లో బ్రిటన్‌లోనూ ఒక ప్రొవైడర్ నుంచి ఇంకో ప్రొవైడర్‌కు వెళ్లే ట్రాఫిక్ అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్లి వచ్చేది. దాన్ని తప్పించుకోవడానికే 1994లో లండన్ డాక్‌లాండ్స్‌లోని టెలిహౌస్ భవనంలో ఐదు సంస్థలు కలిసి, సభ్యుల సొంత సంస్థగా లింక్స్ అనే ఎక్స్ఛేంజ్‌ను మొదలుపెట్టాయి. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో చైనీస్ విశ్వవిద్యాలయం అలాంటిదే పెట్టింది. ఆఫ్రికాలో తొలి ఎక్స్ఛేంజ్ 1996లో జొహానెస్‌బర్గ్‌లో వచ్చింది. అదీ ప్రొవైడర్ల సంఘం నడిపేదే. నైరోబీ వాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. తేడా అల్లా ఖర్చులో ఉంది. అట్లాంటిక్ కింది కేబుల్ మీద దండగయ్యే డబ్బుకూ, ఉపగ్రహం మీద దండగయ్యే డబ్బుకూ పోలికే లేదు. విదేశాలకని కొన్న బ్యాండ్‌విడ్త్‌లో సుమారు 30 శాతం తిరిగి కెన్యాకే చేరే ట్రాఫిక్‌కు పోతోందని టెస్పాక్ సభ్యులు లెక్క కట్టుకున్నారు.

కూడలి పని చేసే తీరు

ఎక్స్ఛేంజ్ మధ్యలో ఉండేది ఈథర్‌నెట్ స్విచ్. ఆఫీసుల్లో కంప్యూటర్లను కలిపే స్విచ్‌కు ఇది దగ్గరి చుట్టమే, సామర్థ్యం మాత్రం చాలా ఎక్కువ. ప్రతి సభ్య సంస్థా తన రౌటర్‌ను అక్కడికి తెచ్చి, ఒక పోర్టుకు తగిలిస్తుంది. ఆ తరువాత బీజీపీ అనే పద్ధతిలో రౌటర్లు ఒకదానికొకటి ప్రకటించుకుంటాయి: ఫలానా ఐపీ చిరునామాలు నా ఖాతాదారులవి, వాటికి వెళ్లాల్సినవి నాకివ్వు. దీన్నే పీరింగ్ అంటారు. పీరింగ్‌తో మొత్తం ఇంటర్నెట్ దొరకదు, అవతలి సంస్థ ఖాతాదారులు మాత్రమే దొరుకుతారు. మిగతా ప్రపంచానికి దారి కావాలంటే ట్రాన్సిట్ కొనుక్కోవాల్సిందే. కాబట్టి ఎక్స్ఛేంజ్ వచ్చినంత మాత్రాన విదేశీ బిల్లు పూర్తిగా పోదు, అందులో ఊళ్లోనే తిరగాల్సిన ట్రాఫిక్‌కు అయ్యే భాగం మాత్రం ఆదా అవుతుంది.

ఇద్దరే ఉంటే మధ్యలో ఎక్స్ఛేంజ్ ఎందుకు, ఒక తీగ చాలు. ఐదుగురు అందరితో అందరూ నేరుగా కలవాలంటే పది తీగలు కావాలి. ఇరవై మంది అయితే 190. ఎక్స్ఛేంజ్‌లో అయితే ఇరవై మందికి ఇరవై తీగలే. సభ్యులు పెరిగాక ప్రతి ఒక్కరితో విడివిడిగా బీజీపీ మాట్లాడుకోవడం కూడా విసుగు పుట్టించే పనే. అందుకని రౌట్ సర్వర్ అనే యంత్రాన్ని పెట్టి, అందరి ప్రకటనలూ దాని ద్వారా అందరికీ చేరవేస్తారు.

లాభాపేక్ష లేకపోవడానికి దానధర్మాలతో సంబంధం లేదు. కూడలి ఒక ప్రొవైడర్ సొంతమైతే మిగతావాళ్లు అడుగు పెట్టరు. ఎవరి ట్రాఫిక్ ఎంత పెరుగుతోందో, ఏ పోర్టు ఎప్పుడు నిండుతోందో స్విచ్ చూసేవాడికి తెలిసిపోతుంది. రేపు పోటీ ముదిరితే తీగ పీకేయగలిగినవాడూ అతనే. అందుకే దాన్ని ఎవరిదీ కాకుండా, అందరిదిగా ఉంచాలి. నైరోబీలో సభ్యులు పోర్టుకు రుసుము కడతారు, ఆ డబ్బు కరెంటుకూ, సామగ్రికీ, సిబ్బందికీ పోతుంది. లోపల తిరిగే ట్రాఫిక్‌ను కొలిచి ఒకరి నుంచి ఒకరికి డబ్బు ఇప్పించే పద్ధతి లేదు.

ఈ చివరి మాట చిన్నదిగా కనిపిస్తుంది కానీ, మన దేశంతో పోల్చి చూస్తే దాని బరువు తెలుస్తుంది. భారత జాతీయ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్, అంటే నిక్సీ, 2003లో కంపెనీల చట్టం 25వ సెక్షన్ కింద లాభాపేక్ష లేని కంపెనీగానే ఏర్పడింది. నోయిడా, ముంబయి, చెన్నై, కోల్‌కతాలతో మొదలై తరవాత హైదరాబాదుకూ విస్తరించింది. కానీ చాలా ఏళ్లపాటు అక్కడ ఇంకో నిబంధన నడిచింది. పంపినదానికంటే ఎక్కువ ట్రాఫిక్ అందుకున్న సంస్థ ఆ తేడాకు డబ్బు కట్టాలి. ఇళ్లకు కనెక్షన్లిచ్చే చిన్న ప్రొవైడర్ ఖాతాదారులు చూసేదే ఎక్కువ, పంపేది తక్కువ. కాబట్టి భారమంతా అతని నెత్తిన పడేది. లైసెన్సున్న ఇంటర్నెట్ ప్రొవైడర్లు తప్ప వెబ్‌సైట్లు, వీడియోలు అందించే సంస్థలు చేరడానికి కూడా చాలాకాలం వీల్లేకపోయింది. పెద్ద దేశం, పెద్ద మార్కెట్టు ఉండి కూడా నిక్సీ మందకొడిగా పెరగడానికీ, ఆ ఖాళీలోకి ప్రైవేటు ఎక్స్ఛేంజీలు దూరడానికీ ఈ రెండు నిబంధనలూ కారణమయ్యాయి.

రెండు వారాల్లో మూత

2000 నవంబరులో స్విచ్ మీట నొక్కగానే టెల్‌కామ్ కెన్యా కమ్యూనికేషన్ల కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. విదేశీ ట్రాఫిక్ మోసే హక్కు తనదొక్కదానిదేననీ, ఎక్స్ఛేంజ్ ఆ హక్కును భంగపరుస్తోందనీ దాని వాదన. వినగానే తల గోక్కోవాల్సిన వాదన ఇది. ఎక్స్ఛేంజ్ చేసేది విదేశీ ట్రాఫిక్ మోయడం కాదు, ట్రాఫిక్‌ను విదేశాలకు పోనీయకపోవడం. కానీ టెల్‌కామ్ వైపు నుంచి చూస్తే అందులో ఒక తర్కం ఉంది. వీధి అవతలికి వెళ్లే ఈమెయిల్ కూడా అప్పటిదాకా జాంబోనెట్ లెక్కలో అంతర్జాతీయ అమ్మకమే. అది ఆగిపోతే రాబడి తగ్గుతుంది. దారి చుట్టూ ఎంత తిరిగితే కౌంటర్‌లో అంత డబ్బు పడే వ్యాపారానికి, దారి దగ్గర చేసేవాడు శత్రువుగానే కనిపిస్తాడు.

కమిషన్ రెండు వారాల్లోపే తేల్చేసింది. లైసెన్సు లేకుండా నడుస్తున్న టెలికాం ఏర్పాటు కనుక అది అక్రమం, మూసేయాలని ఆదేశించింది. ప్రొవైడర్లు దీన్ని ఒప్పుకోలేదు. తమలో ప్రతి ఒక్కరికీ విడిగా లైసెన్సు ఉందనీ, లైసెన్సున్నవాళ్లు తమలో తాము కలుపుకున్న మూసిన బృందం ఇదనీ, అలాంటి బృందాలకు కెన్యా చట్టం అనుమతిస్తుందనీ వాదించారు. బయటివాళ్లకు ఏ సేవా అమ్మడం లేదు, కాబట్టి కొత్త లైసెన్సు అక్కర్లేదన్నారు. కమ్యూనికేషన్ల వివాదాలు చూసే అప్పీలు ట్రిబ్యునల్‌కు వెళ్లారు.

ఆ తరువాత దాదాపు ఏడాది పాటు బహిరంగ ఒత్తిడి, వ్యాజ్యాల హెచ్చరికలు, తలుపుల వెనక మంతనాలు అన్నీ నడిచాయి. టెస్పాక్ తరఫున ఈ పోరులో ముందున్నవారిలో బ్రయన్ లాంగ్వే ఒకరు. ఆయన ఆ తరువాత ఆఫ్రికా ప్రొవైడర్ల సంఘాల ఉమ్మడి వేదిక కోసమూ పనిచేశారు. చివరికి టెస్పాక్ పట్టు కొంత సడలించింది. లైసెన్సు అక్కర్లేదన్న వాదనను పక్కన పెట్టి, లైసెన్సే ఇవ్వమని అడిగింది. 2001 నవంబరులో కమిషన్ ఇచ్చింది. ప్రపంచంలో లైసెన్సు తీసుకున్న తొలి ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ బహుశా ఇదేనని అంటారు. చాలా దేశాల్లో ఇలాంటి కూడలికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కనుక ఆ మాట నమ్మదగినదే.

సూత్రం ప్రకారం చూస్తే ఇది వెనకడుగు. అనుమతి అక్కర్లేనిదానికి అనుమతి అడగడం రేపు ఇంకొకరికి అడ్డంకి కావచ్చు. నైరోబీలో జరిగింది మాత్రం వేరు. చేతిలో లైసెన్సు కాగితం ఉన్నాక ఎవరూ ఆ కూడలిని ప్రశ్నించలేకపోయారు, ప్రభుత్వ శాఖలు చేరడానికి జంకలేదు. టెల్‌కామ్ గుత్తాధిపత్యం 2004లో ముగిసింది. ఆ తరువాత అదే టెల్‌కామ్ కెన్యా ఈ ఎక్స్ఛేంజ్‌లో సభ్య సంస్థగా చేరింది.

తెరిచాక

2002 ఫిబ్రవరిలో మళ్లీ మొదలైన కొద్ది రోజుల్లోనే తేడా తెలిసింది. 1,200 నుంచి 2,000 మిల్లీసెకన్లు పట్టే ప్రయాణం 60 నుంచి 80 మిల్లీసెకన్లకు దిగింది. తరువాతి ఏళ్లలో నగరంలోని తీగలు బాగుపడ్డాక 10 మిల్లీసెకన్ల లోపుకు వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఆఫ్రికా ప్రొవైడర్ల వేదిక ఒక పత్రం తెచ్చింది. రెండు దేశాల మధ్య టెలిఫోన్ కాల్ ఖర్చు రెండు కంపెనీలూ పంచుకుంటాయి, ఇంటర్నెట్‌లో మాత్రం పోయే దారికీ, వచ్చే దారికీ ఆఫ్రికావాళ్లే కడుతున్నారు, అంటే పేద ఖండం సంపన్న దేశాలకు రాయితీ ఇస్తోందని దాని సారాంశం. ధనిక దేశాలను నిలదీయడం కంటే ముందు ఇంట్లో ఎక్స్ఛేంజీలు పెట్టుకోవాలన్నది అందులోని ఆచరణ మాట. కంపాలాలో అప్పటికే ఒకటి ఉంది. దారెస్సలాం, కిగాలీ వెంటనే అందుకున్నాయి.

నైరోబీ కూడలిలో మొదట ప్రొవైడర్లే ఉండేవారు. క్రమంగా ఇతరులు వచ్చారు. పన్నులు వసూలు చేసే కెన్యా రెవెన్యూ అథారిటీ నేరుగా చేరింది. దిగుమతిదారులు కస్టమ్స్ పత్రాలు ఆన్‌లైన్‌లో నింపే దేశంలో, ఆ పత్రాలు ఉపగ్రహం దాకా వెళ్లి రాకుండా ఉండటం చిన్న విషయం కాదు. దేశపు డాట్ కేఈ పేర్లను చూసే కెనిక్ సేవలు ఇక్కడికి చేరాయి. ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థకు మూలమైన రూట్ సర్వర్లలో ఎఫ్, జె అనే రెండింటి నకళ్లు నైరోబీలో కొలువుదీరాయి. ఇవి లేనప్పుడు ఊళ్లోని వెబ్‌సైటు తెరవాలన్నా, దాని చిరునామా వెతుకులాట విదేశంలో మొదలయ్యేది.

2009లో కథ మారాల్సింది. ఆ ఏడాది జూలైలో సీకామ్, తరువాత కెన్యా ప్రభుత్వం చొరవతో యూఏఈలోని ఫుజైరా నుంచి మొంబాసా దాకా వేసిన టీమ్స్, 2010లో ఈస్సీ సముద్రపు కేబుళ్లు వచ్చాయి. ఉపగ్రహం పని తీరిపోయింది, విదేశీ బ్యాండ్‌విడ్త్ ధర పడిపోయింది. ఖర్చు తగ్గించడానికే పెట్టుకున్న కూడలి ఇక దేనికన్న ప్రశ్న రావడం సహజం. జరిగింది తలకిందులు. కనెక్షన్ చవకయ్యేసరికి వాడకం పెరిగింది, వాడకం పెరిగేసరికి గూగుల్ లాంటి సంస్థలు తమ సామగ్రిని నైరోబీకే తెచ్చి పెట్టాయి, వాటిని అందుకోవడానికి ప్రొవైడర్లకు కూడలి ఇంకా ఎక్కువ కావలసి వచ్చింది. 2012లో ఇంటర్నెట్ సొసైటీ కోసం జరిగిన అధ్యయనం ప్రకారం రద్దీ సమయంలో ఇక్కడ సెకనుకు ఒక గిగాబిట్‌కు పైగా ట్రాఫిక్ మారుతోంది. ప్రొవైడర్లకు ఏటా 15 లక్షల డాలర్ల దాకా విదేశీ ఖర్చు మిగులుతోంది. వేగం పెరగడంతో జనం మొబైల్ డేటా ఎక్కువగా వాడి, ఆ రాబడి ఏటా సుమారు 60 లక్షల డాలర్లు పెరిగిందని అందులో అంచనా. మిగిలిన డబ్బు కంటే పెరిగిన వాడకం విలువే ఎక్కువన్నమాట.

స్థానికం అంటే ఎవరిది

2020లో అదే సొసైటీ మళ్లీ లెక్కలు తీసింది. కెన్యా వినియోగదారుల ట్రాఫిక్‌లో దేశంలోనే అందుతున్న భాగం 2012 నాటి 30 శాతం నుంచి 70 శాతానికి పెరిగింది. కూడలిలో రద్దీ 19 గిగాబిట్లకు చేరింది. ఆదా ఏటా 60 లక్షల డాలర్లు. ఈ 70 శాతాన్ని చూసి కెన్యావాళ్లు కెన్యావాళ్ల కోసం తయారుచేసినవే చూస్తున్నారనుకుంటే పొరపాటు. అందులో పెద్ద భాగం అమెరికా కంపెనీల వీడియోలు, ఫొటోలు, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు. ఒకసారి సముద్రం దాటి వచ్చి నైరోబీలోని క్యాషె సర్వర్లలో నిలువ ఉంటాయి, అక్కడి నుంచి వేలసార్లు బట్వాడా అవుతాయి. డేటా దగ్గర్లో ఉంది, యజమాని దూరంగానే ఉన్నాడు.

ఇంకో వైపు, అచ్చంగా కెన్యావే అయిన వెబ్‌సైట్లు అనేకం విదేశీ సర్వర్లలో ఉంటాయి. అక్కడ అద్దె తక్కువ. పక్కనున్న రువాండా గురించి ఇంటర్నెట్ సొసైటీ 2015లో చేసిన అధ్యయనమూ ఇదే తేల్చింది. వెబ్‌సైటు యజమాని విదేశంలో పెట్టి ఏడాదికి కొద్ది డాలర్లు మిగుల్చుకుంటాడు, దాన్ని ప్రతిసారీ సముద్రం అవతలి నుంచి తెచ్చే ఖర్చు ప్రొవైడర్ మోస్తాడు. ఇద్దరి లెక్కల పుస్తకాలూ వేరు కనుక మొత్తం మీద నష్టమని ఎవరి పుస్తకంలోనూ కనిపించదు. స్విచ్ ఎంత పెద్దదైనా ఈ పేచీ తీర్చలేదు.

ప్రస్తుత స్థితి

2013లో నైరోబీలో తెరిచిన ఈస్ట్ ఆఫ్రికా డేటా సెంటర్‌లోకి ఎక్స్ఛేంజ్ అడుగుపెట్టాక, సర్వర్లు అద్దెకు తీసుకున్నవాళ్లకూ కూడలికీ మధ్య ఒక కేబుల్ దూరమే మిగిలింది. సముద్రపు కేబుళ్లు ఒడ్డెక్కే మొంబాసాలోనూ తరువాత ఒక శాఖ పెట్టారు. తీరంలో ఒకరి నుంచి ఒకరికి పోయే ట్రాఫిక్ నైరోబీ దాకా ఎక్కి దిగనవసరం లేకుండా, పొరుగు దేశాల నెట్‌వర్కులు ఒడ్డు దగ్గరే కలుసుకునేలా ఉండాలన్నది ఆలోచన. అదే ఊళ్లో నెదర్లాండ్స్‌కు చెందిన ఆస్టరాయిడ్ వాణిజ్య పద్ధతిలో ఇంకో ఎక్స్ఛేంజ్ తెరిచింది. సంఘం నడిపే కూడలికి పోటీ రావడం ఇది మొదలు. దక్షిణాఫ్రికాలో ఈ పోటీ ఎటు మళ్లుతుందో ముందే కనిపించింది. అక్కడ 2012లో ఒక డేటా సెంటర్ కంపెనీ పోర్టు రుసుము లేకుండా పెట్టిన నాప్ఆఫ్రికా, 1996 నాటి పాత ఎక్స్ఛేంజ్‌ను ట్రాఫిక్‌లో దాటేసింది. పోర్టు ఊరికే ఇచ్చినా, సభ్యులు అద్దెకు తీసుకునే స్థలం మీద ఆ కంపెనీకి రాబడి వస్తుంది. అద్దెకివ్వడానికి భవనాలు లేని సంఘానికి ఆ వెసులుబాటు లేదు.

2024 మే 12న దక్షిణాఫ్రికా తూర్పు తీరం దగ్గర సీకామ్, ఈస్సీ కేబుళ్లు తెగి, కెన్యాతో పాటు తూర్పు ఆఫ్రికా అంతటా ఇంటర్నెట్ నీరసించింది. రెండు కెన్యా నెట్‌వర్కుల మధ్య ట్రాఫిక్‌కు ఆ కేబుళ్లతో పని లేదు, అది నైరోబీ స్విచ్ మీదుగానే పోతుంది. కానీ ఊళ్లోని సైటే అయినా దాని లాగిన్ పేజీ యూరప్‌లోని క్లౌడ్ సర్వర్‌ను అడిగితే తెరుచుకోదు. క్యాషెలో ఉన్న పాత వీడియో ఆడుతుంది, దానిలో లేని కొత్తది ఆగిపోతుంది. ఇలాంటి అంతరాయం వచ్చినప్పుడల్లా నైరోబీ ఇంజినీర్లు తమ నెట్‌వర్కుల్లో ఏ సేవ ఎక్కడి సర్వర్‌ను నమ్ముకుని ఉందో జాబితా తీయాల్సి వస్తోంది. అందులో కూడలిలోని తీగలతో పరిష్కారమయ్యేవి తక్కువ, సర్వర్లను దేశంలోకి మార్చుకుంటే తప్ప తీరనివే ఎక్కువ.